పత్తి గోడౌనులో మైకు లేని జాజ్

మీట నొక్కితే పాట వచ్చే రోజుల్లో పుట్టిన మీకు మైకు సెట్టు ఆపరేటరంటే ఎవరో ముందు చెప్పాలి. మా కాలంలో పెళ్ళికొడుకు ఆలస్యమైతే పాపం బండి దొరకలేదేమో అనుకునేవాళ్ళు. మైకు సెట్టు ఆలస్యమైతే మనిషిని పంపించి తిట్టించేవాళ్ళు. ఆ తిట్లు తింటూ నేను ముప్ఫయ్యేళ్ళు బతికాను. ఆరో క్లాసులో బడి మానేసిన రోజున నాకంటే మా పంతులుగారే ఎక్కువ సంతోషించారు. "నీ నోటికి చదువు అడ్డంరా" అని దీవించి పంపారు. ఆ నోటికి మైకు గొట్టం తగిలించే ఉద్యోగం దొరికింది.

అన్నేళ్ళలో నాకు బాగా గుర్తున్న రోజు మాత్రం నా సెట్టు పెట్టెలోంచి బయటికే రాని రోజు. ఆ రోజు నేను చేసిన పనల్లా ఒక గది ఊడవడం. అది కూడా చెయ్యకుండా ఉండాల్సింది.

అరవైల నాటి మాట. గుంటూరులో మా బ్యాండు పార్టీని అందరూ మిక్చరు పార్టీ అనేవాళ్ళు. అది తిట్టో పొగడ్తో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మావాళ్ళు కీర్తన ఎత్తుకుని, మధ్యలో కవాలీలోకి దూకి, సినిమా పాటలో తేలి, మిలిటరీ మార్చింగుతో ఒడ్డెక్కేవాళ్ళు. మాకు కరెంటు గిటారు కూడా ఉండేది. జిల్లాలో బ్యాండు పార్టీకి కరెంటు గిటారు మాదే మొదలని చెప్పుకునేవాళ్ళం, కాదనడానికి ఎవరికీ తెలియదు గనక. శివరాత్రి తిరునాళ్ళకి ప్రభ కట్టిన బండి మీదెక్కి వాయిస్తే, నా నాలుగు గొట్టాల పుణ్యాన చుట్టుపక్కల గేదెలు ఆ పూట పాలు ఎగ్గొట్టాయని ఫిర్యాదులు వచ్చేవి.

పార్టీకి పెద్ద మా క్లారినెట్టు మాస్టారు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర పుట్టిన సాయిబుగారు. వయసులో ఉండగా బెజవాడ రైల్వే దొరల క్లబ్బులో డాన్సులకి వాయించారట. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఆయనకి జాజ్ నేర్పాడు. అదెట్లా ఉంటుందని ఒకసారి మా డ్రమ్ము బావ అడిగాడు. డ్రమ్ము బావది పొదిలి పక్క మెట్ట సేద్యం. వానలు పడితే నాగలి, పడకపోతే డ్రమ్ము. అందుకని అతనికి వాయించడంలో మంచి అనుభవం ఉంది.

"అందరం కలిసి ఒక పాట ఎత్తుకుంటాం," అన్నారు మాస్టారు. "తర్వాత ఒక్కొక్కడు తన ఇష్టం వచ్చిన దారిన పోతాడు. మిగతావాళ్ళు వాడి వెనకాల నడుస్తారు. ఆఖర్న అందరం మళ్ళీ ఆ పాట దగ్గరికే వస్తాం."

"తిరునాళ్ళకి పోయొచ్చినట్టు."

"తిరునాళ్ళలో తప్పిపోతే ఏడుస్తారు. ఇందులో తప్పిపోవడానికే పోతారు."

దొరలు వెళ్ళిపోయాక మా పెళ్ళిళ్ళలో దాన్ని అడిగేవాడు లేడు. మాస్టారు దాన్ని మడిచి ఎక్కడో పెట్టేసి, పదిహేనేళ్ళుగా మిక్చరు పొట్లాలు కడుతున్నారు. ఆ మడత విప్పించింది నేనే. ఇందులో నా గొప్పేమీ లేదు, నా నిర్లక్ష్యమే ఉంది.

నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. ఊరికి కరెంటు లేదు, నా బ్యాటరీలే గతి. ముందు రోజు వాటిని చార్జింగుకి ఇవ్వడం మర్చిపోయి సినిమాకి పోయాను. ఊరేగింపు బయల్దేరే వేళకి నా మైకు ఒకసారి మూలిగి ప్రాణం విడిచింది. బ్యాటరీని సైకిలుకి కట్టుకుని నేను టౌనుకి పరిగెత్తాను. జనం లేచిపోకుండా మాస్టారు వంటపందిరి పక్కన నిలబడి ఒక్కరే ఏదో వాయించారట. దాన్ని విన్నవాడు పెళ్ళికూతురు తరఫు చుట్టం, మద్రాసులో ఒక రికార్డుల కంపెనీలో టేపు మీద శబ్దం పట్టే ఉద్యోగి. కళ్ళజోడు కుర్రాడు.

నేను చార్జయిన బ్యాటరీ ఒకటి మార్చుకుని తిరిగొచ్చేసరికి అతను మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇందాక మీరు వాయించింది ఏంటండీ?"

"వంటవాళ్ళు ఉల్లిపాయలు కోస్తున్నారు నాయనా. వాళ్ళకి తోడుగా ఏదో ఊదాను."

"అది జాజ్ అండీ."

"తెలుసు."

నాలుగు పాటలు పట్టే చిన్న రికార్డు ఒకటి వేద్దాం అన్నాడు కుర్రాడు. మాస్టారు, "అయితే మైకు సెట్టు ఉండదు. కరెంటు గిటారు ఉండదు. కలపడం ఉండదు. నేను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఊదుతాను," అన్నారు. ముందు మాటలు డ్రమ్ము బావ తర్వాత చెప్పినవి, సైకిలు దిగుతూ నేను విన్నది 'మైకు సెట్టు ఉండదు' అన్న దగ్గర్నుంచి. ఉద్యోగం ఊడిందనుకుని మళ్ళీ సైకిలెక్కబోయాను.

తిరుగు బస్సులో అసలు సంగతి చెప్పారు. ఆయన పై పళ్ళు కదులుతున్నాయి. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ అన్నీ తీసెయ్యాలంది, నెలాఖరుకి రమ్మంది. క్లారినెట్టు నోట్లో పెట్టుకుంటే పై పళ్ళు దాని మీద ఆనాలి. పళ్ళు పోతే ఆ పట్టు పోతుంది. కట్టుడు పళ్ళతో ఊదేవాణ్ణి ఆయన బెజవాడలో ఒకణ్ణి చూశారట. "వాడి పళ్ళదొక తాళం, పాటదొక తాళం," అన్నారు. తర్వాత కిటికీలోంచి మిరప చేలు చూస్తూ, "ఈ నెలలోగా అది ఎక్కడన్నా పట్టి ఉంచాలిరా. మళ్ళీ కుదరదు," అన్నారు. ఆ నెలంతా ఆయన రొట్టె మానేసి చారన్నం తిన్నారు. ఎవరన్నా జామకాయ ఇస్తే పగవాణ్ణి చూసినట్టు చూసేవారు.

మద్రాసులో స్టూడియో రెండు నెలల దాకా ఖాళీ లేదు. కళ్ళజోడు కుర్రాడే టేపు మిషను మోసుకుని గుంటూరు వస్తానని ఉత్తరం రాశాడు. గది మాత్రం మేం చూడాలి. బయటి చప్పుడు లోపలికి రాకూడదు, లోపలి చప్పుడు గోడకి కొట్టుకుని తిరిగి రాకూడదు. 'నా బ్యాటరీలు నేను తెచ్చుకుంటాను' అని కింద గీత గీసి మరీ రాశాడు. నా కీర్తి మద్రాసు దాకా పాకిందన్నమాట.

గదుల వేట మొదలైంది. మా కార్నెట్టు తమ్ముడు, అంటే చిన్న బాకా ఊదేవాడు, మిషను కాంపౌండులో పెరిగినవాడు, ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. పాస్టరుగారిని అడిగి చర్చి హాలు చూపించాడు. ఒక్క స్వరం ఊదితే మూడు తిరిగొచ్చాయి. సినిమా హాల్లో పావురాలు మాకంటే ముందే కచేరీ పెట్టాయి. చివరికి నాకు తట్టింది. మా వీధి చివర పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుంది. దాని గోడౌనులో నేల నుంచి పైకప్పు దాకా బిగించి కట్టిన పత్తి బేళ్ళు. అంతకంటే మెత్తటి గోడ గుంటూరులో ఎక్కడ దొరుకుతుంది? లోపలికి పోయి చప్పట్లు కొడితే, కొట్టానా లేదా అని నాకే అనుమానం వచ్చింది.

మిల్లు గుమాస్తా ముందు ఒప్పుకోలేదు, తర్వాత అమావాస్య నాడైతే సరే అన్నాడు. అమావాస్యకి మిల్లుకి సెలవు.

"అమావాస్య పూట మొదలెడితే రికార్డు బాగుపడుద్దా?" అన్నాడు డ్రమ్ము బావ.

"మిల్లు ఆగేది ఆ రోజే," అన్నారు మాస్టారు. "నా పళ్ళకి పంచాంగం చదవడం రాదు."

గుమాస్తా రెండు షరతులు పెట్టాడు. లోపల బీడీ వెలగకూడదు. లోపల నీటి చుక్క పడకూడదు, పత్తి పాడవుద్ది. డ్రమ్ము బావ బీడీ కట్ట అప్పుడే గుమాస్తా జేబులోకి పోయింది. రెండో షరతు మీద నేను ఒట్టేశాను. ఎందుకేశానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు పొద్దున్నే, అందరికంటే ముందు గోడౌనుకి నేనే పోయాను. గిటారు అబ్బాయి సెలవు దొరికిందని ఊరెళ్ళాడు. నాకు ఊరికే కూర్చోవడం చేతకాలేదు. అందరికీ వాయిద్యం ఉంది, నాకేముంది? మూలన పొడుగాటి ఈత చీపురు కనిపించింది. కనీసం నేలన్నా శుభ్రం చేద్దామని, బేళ్ళ మధ్య ఖాళీ అంతా మూల మూలలా ఊడ్చాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చెయ్యలేదు. చేస్తే పంతులుగారు నన్ను ఏడో క్లాసుకి పంపేవారు.

ఆ ఖాళీలో వారం కిందటి దాకా మిరప టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు ఉన్నాయని నాకు తెలుసు. మిరపకాయలున్న నేలని నీళ్ళు చల్లకుండా ఊడవకూడదని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ నేనున్నది పత్తి గోడౌను. పత్తికి నీళ్ళు పడవు, ఒట్టు కూడా వేశాను. పత్తి రూలు పాటించి మిరప నేలని ఊడ్చాను. ఇటువంటి తప్పు చెయ్యాలంటే గుంటూరులోనే పుట్టాలి. రెండు పంటలూ ఒకే కప్పు కింద ఇంకెక్కడ దొరుకుతాయి?

ఘాటు కంటికి కనపడదు. మావాళ్ళొచ్చారు. మాస్టారు ఉతికిన లాల్చీ వేసుకొచ్చారు. కళ్ళజోడు కుర్రాడు మిషను సర్ది, చెవులకి డిప్పలు తగిలించుకుని, తలుపులు వేయించాడు. అప్పటికి నా గొంతులో ఏదో గరగరమంటోంది. కంగారేమో అనుకున్నాను. కుర్రాడు చెయ్యి ఊపాడు. మాస్టారు పాట ఎత్తుకోవడానికి గుండె నిండా గాలి పీల్చారు.

క్లారినెట్టు ఊదేవాడు గాలి పీలిస్తే మామూలుగా పీల్చడు. గోడౌనులో ఉన్న ఘాటంతా ఒక్క గుక్కలో పోయింది. ఆ దగ్గు మనిషి దగ్గులా లేదు. వాయిద్యం నోట్లోంచి పక్కకి తన్నింది. వెంటనే కార్నెట్టు తమ్ముడు అందుకున్నాడు, తర్వాత మా పార్టీలో పెద్ద బాకా ఊదే పెద్దమనిషి. డిప్పలు తగిలించుకున్న కుర్రాడికి అదంతా పదింతలు వినపడినట్టుంది, మిషను వదిలేసి తలుపు కేసి పరిగెత్తాడు.

అందరం బయట పడ్డాం. కళ్ళు తుడుచుకుని చూస్తే మాస్టారు నాలికతో పై పళ్ళు తడుముకుంటున్నారు.

"ఎన్ని పోయినయి మాస్టారూ?" అన్నాడు డ్రమ్ము బావ.

"ఒకటే. ముందరది."

"క్లారినెట్టు ఆనేది దానిమీదేగా?"

అందరూ నా వైపు చూశారు. చీపురు నా చేతిలోనే ఉంది. దాన్ని వెనక్కి దాచుకున్నాను గానీ, ఈత చీపురు నాకంటే పొడుగు.

"ఊడ్చావా?" అన్నాడు గుమాస్తా.

"నీళ్ళు మాత్రం చల్లలేదండీ," అన్నాను.

ఆ పన్ను కోసం తర్వాత వెతికాం. దొరకలేదు. ఏ బేలు సందులో పడిందో, ఏ బొంబాయి మిల్లుకి పోయిందో. ఏ దొరబాబుకన్నా చొక్కా వేసుకోగానే ఎందుకో పాడాలనిపిస్తే దానికి కారణం అదే.

గోడౌను తలుపులన్నీ తీశాం. బయట కుళాయి దగ్గర గోనె సంచులు తడిపి గుమ్మాలకి వేలాడదీశాం. అట్లా అయితే లోపల చుక్క పడదని గుమాస్తాని బతిమాలాను. ఘాటు అణగడానికి మధ్యాహ్నమైంది. కుర్రాడు సాయంత్రం బండికి మద్రాసు పోవాలి. అతను గడియారం చూసుకోవడం, మాస్టారి మొహం చూడటం, మళ్ళీ గడియారం చూసుకోవడం.

మాస్టారు బేళ్ళు తూచే కాటా పలక మీద కూర్చున్నారు. పళ్ళతో ఆనించడం కుదరక పై పెదవిని లోపలికి మడిచి, దాని మీద క్లారినెట్టు ఆనించారు. మొదట వచ్చిన మోతకి డ్రమ్ము బావ, "ఇది మా పొదిలి మేక, నాకు తెలుసు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మాస్టారు మళ్ళీ ఊదారు. పదిసార్లు, ఇరవైసార్లు. నేను దూరంగా కూర్చుని చీపురు ఈనెలు లెక్కపెడుతున్నాను. ఆయన ఈ ఒక్క రోజు కోసం నెల్లాళ్ళు చారన్నం తిన్నారు. నేను ఆ రోజు పొద్దున్నే లేవకపోతే చాలు, అంతా సవ్యంగా జరిగేది.

కాసేపటికి ఆ మోత మారింది. పెళ్ళిళ్ళలో వినే క్లారినెట్టు కాదది. సన్నగా, కాస్త గాలి కలిసి, పక్కన కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టుంది.

"ఇంతకంటే గట్టిగా రాదురా," అన్నారు మాస్టారు. "మీరే నాకంటే చిన్నగా వాయించాలి."

మా పార్టీకి అంతకంటే కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. వాళ్ళకి చిన్నగా వాయించడమంటే వాయించకపోవడమే. కార్నెట్టు తమ్ముడు బేలులోంచి గుప్పెడు పత్తి పీకి బాకా మూతిలో కుక్కాడు. గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. డ్రమ్ముకి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. పుల్లకి పత్తి చుట్టినా ఢాం అంటూనే ఉంది.

"క్లబ్బులో తీగల కుంచెలుండేవి," అన్నారు మాస్టారు. "డ్రమ్ము మీద వాటితో రాసేవాళ్ళు."

డ్రమ్ము బావ లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఒరేయ్, అదిట్టా ఇయ్యి."

చీపురు ఇచ్చాను. కట్టు విప్పి, ఈనెలు రెండు పిడికిళ్ళుగా కట్టుకుని, డ్రమ్ము తోలు మీద రాశాడు. ఎండిన మిరప కాయల మీద ఎవరో నడిచి వెళ్తున్నట్టు సరసరమంది. మాస్టారు తలెత్తారు. పెదవి మడుచుకుని అందుకున్నారు.

మూడు పాటలు ఆపకుండా వాయించారు. సంగీతం గురించి చెప్పేంత చదువు నాకు లేదు. నాకు తెలిసింది ఒకటే. అప్పటిదాకా నేను మా పార్టీని నా గొట్టాల్లోంచే విన్నాను. మాస్టారు ఒక స్వరం పట్టుకునే ముందు ఊపిరి ఎట్లా తీసుకుంటారో, పెద్ద బాకా పెద్దమనిషి కాలుతో నేలని ఎట్లా తడతాడో నేను ఎన్నడూ వినలేదు. నాకు తెలియని మనుషుల పక్కన అన్నేళ్ళు పని చేశానా అనిపించింది.

నాలుగో పాట చివర్లో మాస్టారు ఒకచోట ఆగారు. అందరూ ఆగారు. చీపురొక్కటే సరసరమంటోంది. ఆ ఆగిన చోట నా ముక్కు నన్ను మోసం చేసింది. గుమ్మానికున్న తడి గోనెలో మొహం దూర్చాను, ఊపిరి బిగబట్టాను, దేవుళ్ళందర్నీ తలుచుకున్నాను. తుమ్ము వచ్చింది. పెద్దది కాదు, గోనెలో సగం ఇంకిపోయింది. మిగతా సగం టేపు మీదికెక్కింది. మాస్టారు కళ్ళు తెరవలేదు. దాని వెనకే పాట అందుకుని, అందర్నీ ఇంటికి తీసుకొచ్చి, ఆపారు.

కుర్రాడు డిప్పలు తీసి, "ఇది మళ్ళీ పట్టాలండీ," అన్నాడు. మిషను వైపు చూశాడు. టేపు చివరికొచ్చింది. గడియారం చూశాడు. బండి వేళయింది.

"ఉండనియ్యి నాయనా," అన్నారు మాస్టారు. ఆ గొంతులో ఓపిక లేదు, ఆశ కూడా లేదు. వారం తర్వాత మిగతా పళ్ళు కూడా తీయించేసుకున్నారు. ఆ రోజు గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన మౌనం చూసి, ఆ రికార్డు చెడగొట్టింది నేనేనని నాకు ఖాయమైపోయింది. ఆ రోజుల్లో నేను పెళ్ళిళ్ళకి అరగంట ముందే పోయేవాణ్ణి. ఏమైందోనని జనం భయపడ్డారు.

మూడు నెలలకి మద్రాసు నుంచి అట్టపెట్టె వచ్చింది. మాస్టారు దాన్ని తీసుకుని మధ్యాహ్నం పూట నా మైకు దుకాణానికి వచ్చారు. అప్పటికి ఆయనకి కట్టుడు పళ్ళు పెట్టారు. మాట్లాడితే చిన్నగా టకటకమనేవి. పెళ్ళిళ్ళలో ఇప్పుడు తాళం వేసి మిగతావాళ్ళని నడిపిస్తున్నారు గానీ, క్లారినెట్టు పెట్టెలోంచి తియ్యడం లేదు.

నేను అలవాటు కొద్దీ గొట్టానికి తీగ తగిలించబోయాను.

"వద్దు. గ్రామఫోను పెట్టెలోంచే విందాం."

తలుపు దగ్గరగా వేసి, చిన్న పెట్టెలో రికార్డు పెట్టాను. ఇద్దరం చెరో స్టూలు లాక్కుని ముందుకి వంగి కూర్చున్నాం. మొదటి పాటకి ఆయన మొహంలో ఏమీ కనపడలేదు. రెండో పాటకి చేతి వేళ్ళు మోకాలి మీద కదిలాయి, క్లారినెట్టు మీద కదిలినట్టు. రికార్డు తిప్పి వేశాను. నాలుగో పాట రాగానే లేచి ఏదన్నా పని కల్పించుకుందామనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

ఆగిన చోటు వచ్చింది. చీపురు, చీపురు, తుమ్ము, మళ్ళీ చీపురు.

మాస్టారు ముల్లు ఎత్తి వెనక్కి పెట్టారు. మళ్ళీ విన్నారు. మూడోసారి పెట్టి, వేలితో స్టూలు మీద లెక్క వేసుకున్నారు.

"తాళంలోనే పడిందిరా," అన్నారు.

"నా ప్రమేయం లేదండీ."

"మళ్ళీ అట్లా తుమ్మగలవా?"

"ఎట్లా వస్తుంది మాస్టారూ. ఆ పూట ఘాటు అది."

"నేనూ అంతేరా. నన్ను కూడా మళ్ళీ అట్లా ఊదమంటే ఊదలేను." పళ్ళు నాలికతో సర్దుకున్నారు. "పళ్ళుండగా కూడా ఎప్పుడూ అట్లా ఊదలేదు."

రికార్డు తిరిగి మొదటి వైపుకి తిప్పి నాకిచ్చారు.

"ఇహ నీ గొట్టం తగిలించు. బజారు విననీ."

నా ఉద్యోగంలో సౌండు పెంచమని చెప్తే విన్నాను గానీ, తగ్గించమంటే ఎన్నడూ వినలేదు. ఆ పూట ఎవరూ చెప్పకుండానే బాగా తగ్గించి పెట్టాను. మార్కెట్టు యార్డుకి మిరప టిక్కీలు తోలుకుపోతున్న బండాయన దుకాణం ముందు ఎద్దుల్ని ఆపి, గొట్టం వైపు చూసి, "ఏందయ్యా, మైకు చెడిపోయిందా?" అని అడిగాడు.

లేదన్నాను. సరే అన్నాడు. బండి మాత్రం రికార్డు అయిపోయేదాకా కదల్లేదు.